యెరూషలేం పాతబస్తీ వాకింగ్ టూర్: గైడ్‌కి ఐదు స్టార్లు, కంపెనీకి రెండున్నర

హోలీ ల్యాండ్‌కి వచ్చే మన తెలుగువాళ్ళు చాలామంది ప్యాకేజీ బస్సులో తిరిగేసి వెళ్ళిపోతారు, ఒక పూట ఖాళీ దొరికితే మాత్రం ఈ టూర్ తీసుకోండి, కంపెనీని చూసి కాదు, గైడ్‌ని చూసి. ఆయన యూదుడే గానీ చర్చి చరిత్ర కూడా గట్టిగా చదివినట్టున్నాడు, పాపం అంటే యూదులేమనుకుంటారు క్రైస్తవులేమనుకుంటారు అనేది రెండు చోట్ల నిలబెట్టి చెప్పాడు.

మొదట పశ్చిమ గోడ, యూదులు ప్రార్థన చేసుకునే చోటు. మొదటి మనిషి ఆదాము వల్లే లోకంలోకి చావు వచ్చిందనే రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఉన్నారు గానీ ఆ నేరం పుట్టే ప్రతి బిడ్డకీ అంటుకుంటుందంటే యూదులు ఒప్పుకోరంట, మంచికి లాగే బుద్ధి, చెడుకి లాగే బుద్ధి రెండూ మనిషిలోనే ఉంటాయి, ఎటు పోతావో నీ ఇష్టం. మా గ్రూపులో ఒక పాస్టర్ గారు ఊరుకుంటారా, వెంటనే బైబిల్లో 51వ కీర్తన తీశారు, పాపంలోనే నా తల్లి నన్ను గర్భం ధరించింది అని ఉంది కదండీ అని. గైడ్ తడుముకోలేదు, అది దావీదు తన తప్పుకి కుమిలిపోతూ అన్నమాట, మీరు యెహెజ్కేలు 18 కూడా చదవండి, తండ్రి దోషం కొడుకు మోయడని ఉంది అన్నాడు. నా డబ్బులు అక్కడే వసూలైపోయాయి.

యోమ్ కిప్పూర్, అంటే యూదుల ప్రాయశ్చిత్త దినం, గురించి చెప్పింది ఇంకా బావుంది. దాదాపు 25 గంటల ఉపవాసం, గుండెల మీద కొట్టుకుంటూ "మేం తప్పు చేశాం" అని అందరూ కలిసి ఒప్పుకుంటారు, కానీ అది దేవుడి విషయంలో చేసిన తప్పులకే చెల్లుతుంది. పక్కోడి పొలం గట్టు జరిపినోడు ముందు వాడి దగ్గరికెళ్ళి వాణ్ణి సమాధానపరచాలి, యూదుల పాత ధర్మ గ్రంథం మిష్నాలోనే ఉందంట. వాడు క్షమించకపోతే మళ్ళీ మనుషుల్ని వెంటేసుకుని మూడుసార్లు వెళ్ళమన్నాడు మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడీస్.

తర్వాత పవిత్ర సమాధి చర్చి, యేసుని సిలువ వేశారనే గొల్గొతా కింద ఆదాము చాపెల్ అనే చిన్న ప్రార్థన గది. అద్దం వెనక పగిలిన రాయి కనిపిస్తుంది, యేసు రక్తం ఆ పగుల్లోంచి కారి ఆదాము పుర్రె మీద పడిందని సంప్రదాయం. బైబిల్లో రోమా పత్రిక 5వ అధ్యాయం అంతా ఆ రాయి ముందే చెప్పాడు, ఒకడి (ఆదాము) వల్ల పాపం, ఒకడి (యేసు) వల్ల రక్షణ, మనిషి తనంతట తాను ఎంత మారినా చాలదు, సిలువ కావాలి.

ఇక్కడే నాకు నచ్చనిది. పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్ చెప్పిన జన్మపాపాన్ని, అంటే ఆదాము నేరం పుట్టుకతోనే అందరికీ వస్తుందనే మాటని, క్రైస్తవులందరి మీదా వేసేశాడు, ఆ చాపెల్ చూసుకునే గ్రీకు ఆర్థడాక్స్ వాళ్ళేమో ఆదాము నుంచి మనకి వచ్చేది మరణం, బలహీనత, నేరం కాదు అంటారు. ముందు సహోదరుడితో సమాధానపడి తర్వాతే అర్పణ పెట్టమని మత్తయి 5లో యేసు అన్నదీ ఎత్తలేదు.

కంపెనీ సంగతంటారా, హెడ్‌సెట్ గరగర, మధ్యలో ఆలివ్ చెక్క బొమ్మల షాపులో కూర్చోబెట్టి టైమంతా తినేశారు, దాంతో సమాధి క్యూ మాకు ఎగిరిపోయింది. షాపు వద్దని బుకింగ్‌లోనే రాయండి. శనివారం మాత్రం పెట్టుకోకండి, యూదుల విశ్రాంతి దినం కాబట్టి గోడ దగ్గర ఫోన్ తీయనివ్వరు.