తేలే గాలిమరలపై విజయవాడ వారాంతపు తరగతులు: ఒక సమీక్ష

విజయవాడ మొగల్రాజపురంలోని ఒక శిక్షణ కేంద్రం, సముద్రంలో తేలే గాలిమరల గురించీ, అవి పర్యావరణం మీద, తీరప్రాంత జనం మీద చూపే ప్రభావాల గురించీ వారాంతాల్లో తెలుగులో తరగతులు నడుపుతోంది. గాలి కరెంటు అనగానే మనవాళ్లకు అనంతపురం, కర్నూలు కొండల మీది మరలే గుర్తుకు వస్తాయి. సముద్రం మీది మరల గురించి తెలుగులో ఇంత వివరంగా చెప్పే తరగతి నాకు మరెక్కడా కనబడలేదు. గుంటూరు నుంచి వెళ్లి పూర్తిగా విన్న తరువాత నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, ఇంజనీరింగు భాగాన్ని ఎంతో శ్రద్ధగా తీర్చిదిద్దిన ఈ తరగతి, ఆ సముద్రం మీద బతికే మత్స్యకారుల భాగానికి వచ్చేసరికి తొందరపడి ముగించింది.

ముందు మెచ్చుకోవలసినవి చెబుతాను. సముద్రం లోతు సుమారు 60 మీటర్లు దాటితే అడుగున పునాది వేసి మరను నిలబెట్టడం గిట్టుబాటు కాదు కాబట్టి, దానిని తేలే వేదిక మీద నిలిపి, ఆ వేదికను గొలుసులతో, లంగర్లతో సముద్రపు అడుక్కి కట్టి ఉంచుతారనే ప్రాథమిక విషయంతో మొదలుపెట్టి, ఏ మాటనూ వివరించకుండా వదలకుండా బోధకుడు పాఠాన్ని నడిపించారు. నిలువుగా నీటిలోకి దిగిన పొడవాటి గొట్టంలాంటి స్పార్ వేదిక అడుగున బరువు నింపడం వల్ల తంజావూరు బొమ్మలా ఎంత ఒరిగినా తిరిగి నిటారుగా నిలుస్తుందని ఆయన చెప్పినప్పుడు, డిప్లొమా విద్యార్థులతో పాటు మా వరుసలో కూర్చున్న వ్యవసాయ కుటుంబాల వారికి కూడా విషయం బోధపడింది. 2017 అక్టోబరులో స్కాట్లండ్‌లోని పీటర్‌హెడ్ తీరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో మొదలైన హైవిండ్ స్కాట్లండ్ అనే తేలే గాలిమరల కేంద్రం, ఒక్కొక్కటి 6 మెగావాట్ల మరలు ఐదింటితో, ఈ రకం స్పార్ వేదికల మీదనే నడుస్తోంది. అయితే ఆ వేదికలను నార్వేలోని లోతైన, అలల తాకిడి లేని ఫ్యోర్డులో (కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయలో) నిలబెట్టి, మరలు బిగించి, అక్కడి నుంచి సముద్రం మీదుగా లాక్కుని వెళ్లారనీ, మన తీరంలో అటువంటి చోటు లేదు కనుక ఇక్కడ ఎప్పుడైనా ప్రయత్నిస్తే, మూడు నాలుగు బోలు స్తంభాలను కలిపి కట్టే సెమీ సబ్‌మెర్సిబుల్ వేదికలనే ఎంచుకోవలసి రావచ్చనీ ఆయన వివరించారు. వాటికి రేవులో విశాలమైన స్థలం కావాలి. బందరులో కడుతున్న రేవు గురించి ఇక్కడ ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

మన తీరానికి ఈ విషయం ఎందుకు అవసరమో చెప్పిన తీరు కూడా నచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2024 జూన్‌లో 7,453 కోట్ల రూపాయలతో ఆమోదించిన సముద్రపు గాలి కరెంటు పథకం గుజరాత్, తమిళనాడు తీరాలకు చెరి 500 మెగావాట్ల చొప్పున ఉద్దేశించినదే. ఆంధ్ర తీరం అందులో లేదు. కానీ కృష్ణా గోదావరి తీరానికి ఎదురుగా సముద్రం త్వరగా లోతెక్కుతుంది. కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓఎన్‌జీసీ చమురు బ్లాకులో నీటి లోతు 300 మీటర్ల దగ్గర మొదలై 3,000 మీటర్లు దాటుతుంది. కనుక మన తీరానికి దూరంగా గాలిమరలు వచ్చే రోజంటూ వస్తే వాటిలో చాలా భాగం తేలేవే కావలసి ఉంటుంది. ముందుగానే తెలుసుకోవడం మంచిదన్న నిర్వాహకుల ఆలోచనతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

పర్యావరణం మీద జరిగిన పాఠం ఈ తరగతుల్లో అత్యుత్తమమైనది. పునాది గొట్టాలను సమ్మెటలతో దిగగొట్టే పని చాలా వరకు తప్పుతుంది కాబట్టి నిర్మాణ సమయంలో తిమింగలాలకు, డాల్ఫిన్లకు ఇబ్బంది కలిగించే పెద్ద శబ్దం తగ్గుతుందనే మంచి మాటతో మొదలుపెట్టి, ఆ వెంటనే తేలే మరలకు మాత్రమే ప్రత్యేకమైన సమస్యలను బోధకుడు ఏమీ దాచకుండా ముందుంచారు. వేదికల నుంచి గొలుసులు, కరెంటు కేబుళ్లు నీటి మధ్యలో వేలాడుతూ ఉంటాయి. పెద్ద జంతువులు ఆ గొలుసులకే చిక్కుకునే అవకాశం తక్కువైనా, ఎక్కడో తెగి కొట్టుకువచ్చిన వలలు వాటికి పట్టుకుంటే, ఆ వలల్లో తాబేళ్లు, చేపలు చిక్కి చనిపోయే ప్రమాదం ఉంది. ఏటా జనవరి నుంచి నాగాయలంక, సూర్యలంక ఇసుక తీరాలకు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లను ఉదాహరణగా తీసుకోవడం ఎంతో సముచితంగా ఉంది. సముద్ర తాబేళ్లు దారి తెలుసుకోవడానికి భూమి అయస్కాంత క్షేత్రాన్ని వాడుకుంటాయి. కేబుళ్ల చుట్టూ ఏర్పడే క్షేత్రం వాటిని ఎంత వరకు ప్రభావితం చేస్తుందో మన తీరంలోనే కొలవాలనీ, పరాయి దేశపు నివేదికను అంటించుకుంటే చాలదనీ ఆయన గట్టిగా అన్నారు. నార్వేలోని హైవిండ్ టాంపెన్ అనే తేలే గాలిమరల కేంద్రంలో 11 మరలు తయారు చేసే కరెంటు, సముద్రంలో చమురు, గ్యాసు తీసే వేదికలకే వెళుతుందన్న సంగతిని కూడా దాటవేయకుండా చర్చకు పెట్టారు.

తుపాన్ల భాగం సరిపోయినంత ఉంది. గాలి సెకనుకు 25 మీటర్ల వేగాన్ని దాటితే మరలు ఆగిపోయేలా సాధారణంగా రూపొందిస్తారు. అసలు పరీక్ష, ఆగిన మర, దాని లంగర్లు ఆ గాలికి, అలలకు తట్టుకుని నిలవడం. 1977 దివిసీమ ఉప్పెన పేరెత్తగానే గది నిశ్శబ్దమయింది.

ఇక కొరత సంగతి. జనం మీద ప్రభావాలు అనే శీర్షిక కింద చెప్పినదంతా ఉద్యోగాలు, శిక్షణ, వేదికల చుట్టూ చేపలు గుమిగూడడం మాత్రమే. చేపలు గుమిగూడడం నిజమే. కాని ఆ చేపను పట్టనిస్తారా లేదా అన్నది మత్స్యకారుడు అడిగే మొదటి ప్రశ్న. అంతర్జాతీయ సముద్ర చట్టం ఇటువంటి నిర్మాణాల చుట్టూ 500 మీటర్ల దాకా భద్రతా వలయం పెట్టుకోనిస్తుంది. గొలుసులు, కేబుళ్లు మర నుంచి చాలా దూరం వరకు పరుచుకుని ఉంటాయి కనుక ట్రాల్ వలను నీటి అడుగున ఈడ్చుకుంటూ వెళ్లే బోట్లకు ఆ మేర సముద్రం దాదాపుగా మూసుకుపోయినట్లే. హైవిండ్ స్కాట్లండ్‌లో 2022లో బుట్టలు, బోనులు, గాలాల వంటి కదలని సాధనాలతో వేట చేసి చూసిన ప్రయోగం ఉంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం రొయ్యజాతికి చెందిన లాబ్‌స్టర్ వేటను కాపాడుకోవడానికి 2021లో తన పరిధిలోని తీరజలాల్లో కొత్త గాలిమరలను నిషేధించింది. కాలిఫోర్నియా తీరంలో గాలిమరల కోసం సముద్ర ప్రాంతాలను లీజుకిచ్చేందుకు 2022 డిసెంబరులో జరిగిన వేలంలో, ఆ సముద్రాన్ని వాడుకునే వారితోను, తీరప్రాంత సమాజాలతోను ఒప్పందాలు చేసుకుంటామని మాట ఇచ్చిన కంపెనీలకు వేలం ధరలో వెసులుబాటు ఇచ్చారు. ఇవేవీ పాఠంలో లేవు.

నిజాంపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, "అయ్యా, మా వేట పోతే మాకు ఏమిటి దారి?" అని అడిగినప్పుడు, పరిహారం ఇస్తారని ఒక్క వాక్యంలో సమాధానం వచ్చింది. ఈ ప్రశ్నకు మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది: కోనసీమ, కాకినాడ ప్రాంతాల్లో సముద్రంలో పైపులైను పనుల వల్ల వేట కోల్పోయిన మత్స్యకార కుటుంబాలకు ఓఎన్‌జీసీ తరఫున నెలకు 11,500 రూపాయల చొప్పున పరిహారం చెల్లించారు. ఆ జాబితా ఎలా తయారయింది, బోటు ఓనరుకూ బోటు మీద కూలికి వెళ్లే కళాసీకీ తేడా ఎలా చూశారు, ఒడ్డున చేప ఎండబెట్టి గంపల్లో అమ్మే ఆడవారి నష్టం లెక్కలోకి వచ్చిందా అన్న ప్రశ్నలను ఒక పూట చర్చించి ఉంటే, పెద్దాయన ప్రశ్నకు గౌరవమైన జవాబు దొరికేది. పైపులైను పని కొన్ని నెలల్లో ముగుస్తుంది, గాలిమర మాత్రం పాతికేళ్లు అక్కడే ఉంటుంది. ఆ తేడా వల్ల పరిహారం లెక్క మొత్తం మారిపోతుంది కాబట్టే ఈ లోటును నేను చిన్నదిగా చూడలేకపోతున్నాను.

సదుపాయాల విషయంలో ఫిర్యాదు లేదు. గది చల్లగా ఉంది, భోజనం బాగుంది, బోర్డు మీద రాసినదంతా తెలుగులోనే ఉంది. ఇచ్చిన నోట్సు మాత్రం సగం ఇంగ్లీషులో ఉండడం వల్ల తీరం నుంచి వచ్చినవారు ఇబ్బంది పడ్డారు. ఇంజనీరింగు విద్యార్థులకు, విద్యుత్తు శాఖలో పనిచేసేవారికి, విలేఖరులకు ఈ తరగతులను నిస్సంకోచంగా సూచిస్తాను. మత్స్యకార సంఘాల వారికి ఇప్పుడున్న రూపంలో సూచించలేను. నిర్వాహకులు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండే రోజుల్లో, బోట్లన్నీ ఒడ్డున ఉన్నప్పుడు, నిజాంపట్నంలోనో గిలకలదిండిలోనో ఇదే పాఠాన్ని రుసుము లేకుండా నడిపి, పరిహారం భాగాన్ని పరిహారం అందుకున్న కోనసీమ మత్స్యకారుల చేతనే చెప్పించాలని వారికి రాతపూర్వకంగా కోరాను.