ఇంటి ప్రెషర్ వాషర్: బ్రష్ మోటారు మేలా, ఇండక్షన్ మోటారు మేలా?

నీటిని గట్టి పీడనంతో చిమ్మి మురికి వదిలించే ప్రెషర్ వాషర్, గోదావరి డెల్టాలో కారు కడగడానికి మాత్రమే పనికివచ్చే వస్తువు కాదు. వానాకాలం ముగిసేసరికి ప్రహరీ గోడ నల్లబడుతుంది. నూతి చప్టా మీద పాకుడు పట్టి పెద్దవాళ్లు జారిపడే ప్రమాదం ఉంటుంది. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు చక్రాలకు నల్లరేగడి పట్టి, ఎండితే పారకు కూడా లొంగదు. మా ఇంటి పాత యంత్రం మోటారు కాలిపోయి కొత్తది చూడవలసి వచ్చినప్పుడు, దుకాణంలో పదుల పేర్లతో కనిపించే యంత్రాలన్నీ లోపలి మోటారును బట్టి రెండే రకాలని, ఎంపిక అక్కడే మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను.

మొదటిది బ్రష్ మోటారు. మిక్సీలోను, డ్రిల్లింగ్ మెషీన్‌లోను ఉండేది ఈ రకమే. చిన్నదిగా ఉండి చాలా వేగంగా తిరుగుతుంది కాబట్టి యంత్రం తేలికగా ఉంటుంది, ధర తక్కువ, మోత ఎక్కువ, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోతాయి. పావుగంట నడిపిన తరువాత కొంత విశ్రాంతి ఇవ్వడం మంచిది. రెండవది ఇండక్షన్ మోటారు. నిమిషానికి సుమారు 2800 చుట్లు తిరుగుతుంది, బ్రష్‌లు ఉండవు, మోత తక్కువ, ఎక్కువసేపు నడిపినా తట్టుకుంటుంది. అయితే ఇనుము, రాగి ఎక్కువ కాబట్టి బరువూ ధరా రెండూ ఎక్కువే.

ఈ రెండింటిలో ఏదైనా, పెట్టె మీద రాసిన బార్‌ల (నీటి పీడనానికి కొలత) అంకెను చూసి మోసపోకూడదు. నీటికి ఎంత శక్తి అందుతున్నదో తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు: బార్‌లను నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 100 బార్, 6 లీటర్లు అంటే ఒక కిలోవాట్. కార్చర్ కంపెనీ వారి కె2 యంత్రం మీద 1400 వాట్లు, 110 బార్, గంటకు 360 లీటర్లు అని ఉంటుంది. లెక్క వేస్తే 1.1 కిలోవాట్లు, అంటే నమ్మదగిన అంకె. అదే 1800 వాట్ల యంత్రం 200 బార్ పీడనంతో నిమిషానికి 10 లీటర్లు ఇస్తుందని రాసి ఉంటే, దానికి 3.3 కిలోవాట్లు కావాలి. తీసుకున్న కరెంటు కంటే ఎక్కువ శక్తిని ఏ యంత్రమూ ఇవ్వలేదు. ఆ రెండు అంకెలూ ఒకేసారి నిజం కావడం అసాధ్యం కాబట్టి, అటువంటి పెట్టెను ధర ఎంత తక్కువైనా పక్కన పెట్టడమే మేలు. ఇంటి పనికి 100 నుంచి 130 బార్ ధారాళంగా సరిపోతుంది.

ఇండక్షన్ మోటారుకు ఒక బలహీనత ఉన్నది, అది మన ప్రాంతంలో నిజంగా ఆలోచించవలసినది. దాని తిరిగే బలం వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను, అనుసరించి తగ్గుతుంది. 230 వోల్టులకు బదులు 180 మాత్రమే అందితే బలం దాదాపు 61 శాతానికి పడిపోతుంది. అప్పుడు మోటారు మొదలు కాలేక మూలుగుతుంది, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, అలాగే వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది. బ్రష్ మోటారు అదే వోల్టేజీలో వేగం తగ్గినా తిరుగుతూనే ఉంటుంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల ఏరియేటర్లు ఎక్కువగా రాత్రీ తెల్లవారుజామునా తిరుగుతాయి కాబట్టి, పగటిపూట వోల్టేజీ చూసుకొని కడగడం వల్ల ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. పగలు కూడా తరచుగా 190కి దిగే ఊళ్లలో మాత్రం బ్రష్ మోటారు తీసుకోవడమే వివేకం.

అయినా నా మొగ్గు ఇండక్షన్ వైపే, ఎందుకంటే పాలకొల్లులోనైనా అమలాపురంలోనైనా మోటారు వైండింగ్ షాపు వెతుక్కోనక్కరలేదు. బోరు మోటార్లు, ఏరియేటర్లు, రైసు మిల్లుల మోటార్లు ఏళ్ల తరబడి చుట్టిన చేతులవి. ఇండక్షన్ మోటారు కాలితే రాగి తీగ చుట్టి, కెపాసిటర్ మార్చి తిరిగి ఇవ్వగలరు. చిన్న బ్రష్ మోటారులో తీగ చుట్టి తిరిగే భాగం, అంటే ఆర్మేచర్, కాలితే ఆ పని గిట్టుబాటు కాక, చాలాసార్లు యంత్రాన్నే పారేయవలసి వస్తుంది. కొనేటప్పుడు ఎక్కువ పెట్టిన డబ్బు ఇక్కడ తిరిగి వస్తుంది.

మోటారు ఎంత మంచిదైనా పంపును చంపేది నీరే. ధవళేశ్వరం నుంచి కాలువలకు ఎర్రనీరు వచ్చే జూలై, ఆగస్టు నెలల్లో ఆ నీటిని నేరుగా వాడితే సన్నని ఒండ్రు వాల్వులనూ సీళ్లనూ నాజిల్‌నూ అరగదీస్తుంది. నీరు వచ్చే చోట ఫిల్టర్ తప్పనిసరి, తొట్టిలో ఒక రాత్రి తేర్చిన నీరు మరింత శ్రేయస్కరం. అంతర్వేది, మొగల్తూరు వైపు తీరగ్రామాల్లో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. అక్కడ అల్యూమినియం హెడ్ (నీరు పారే పంపు ముందు భాగం) ఉన్న పంపు తెల్లగా పొడిబారి తినేయబడుతుంది. ఇత్తడి హెడ్ ఉన్నదే కొనాలి, పని ముగిసిన ప్రతిసారీ రెండు నిమిషాలు మంచినీళ్లతో నడిపి ఆపాలి. బ్రష్ మోటారు ఉన్న చవక యంత్రాల్లో ఇత్తడి హెడ్ దొరకడం కష్టం, కాబట్టి తీరం వారు ఇండక్షన్ వైపు మొగ్గడానికి ఈ ఒక్క కారణమే చాలు.

నీటి ప్రవాహం కూడా ముందే చూసుకోవాలి. డాబా మీది ట్యాంకు ఆరేడు మీటర్ల ఎత్తులో ఉంటే కుళాయి దగ్గర వచ్చే పీడనం 0.6 లేదా 0.7 బార్ మాత్రమే. ఇరవై లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండితే ఆ కుళాయి సరిపోతుంది. నిండకపోతే పంపులోకి గాలి చేరి, లోపలి భాగాలు దెబ్బతింటాయి. అటువంటి ఇంటికి తొట్టిలోంచి తానే నీరు పీల్చుకోగల యంత్రం కావాలి. ఆ వసతి ఉన్నదా అని అంగడిలోనే అడిగి, వీలైతే నడిపించి చూడాలి.

కరెంటు విషయం సూటిగానే ఉంటుంది. 1800 వాట్ల యంత్రం సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి. తడినేల మీద చేసే పని కాబట్టి ఇందులో ఏదీ తగ్గించుకోకూడదు. యంత్రం దూరం పోవాలంటే కరెంటు తీగకు బదులు నీటి గొట్టాన్ని పొడిగించాలి.

బ్యాటరీతో నడిచే చిన్న గన్నులు స్కూటర్ కడగడానికి బాగుంటాయి, పాకుడుకు చాలవు. అద్దె ఇంట్లో ఒక బండి, రెండు మెట్లు మాత్రమే ఉన్నవారు బ్రష్ మోటారు తీసుకొని సంతోషంగా వాడుకోవచ్చు. ప్రహరీ, చప్టా, పశువుల పాక, ట్రాక్టరు ఉన్న ఇంటికి ఇండక్షన్ మోటారు, ఇత్తడి హెడ్, ట్రిగ్గర్ వదిలితే తానే ఆగే ఏర్పాటు ఉన్నదే కొనాలని నా స్థిరాభిప్రాయం. పాత సున్నపు గోడల మీద మాత్రం సన్నధార వేయవద్దు. ధారను విసనకర్రలా వెడల్పుగా చిమ్మే 40 డిగ్రీల నాజిల్ పెట్టి, దూరం నుంచి మొదలుపెట్టి, సున్నం రాలకుండా పాచి వదిలే దగ్గరకు మెల్లగా చేరుకోవాలి.