చీమకుర్తి రాళ్ళ లెక్కకు ఎట్‌సీడీ: నాలుగేళ్ళు వాడాక

మాది గెలాక్సీ గ్రానైటు వ్యాపారం, నేను అందులో కంప్యూటర్లు చూసుకుంటా. చీమకుర్తిలో క్వారీ, గుండ్లపల్లిలో ఫ్యాక్టరీ, ఒంగోల్లో ఆఫీసు. ఏ బ్లాకు అమ్ముడైంది, ఏది ఖాళీ అన్నది మూడుచోట్లా ఒకటే కనపడాలి. ఇదివరకు రెండు సర్వర్లు పెట్టి, ఒకదాన్లో రాసింది రెండోదానికి కాపీ అయ్యేట్టు నేనే ఏదో అల్లాను. ఒకరోజు నెట్ లైన్ పోయిన ఇరవై నిమిషాల్లో ఒకే బ్లాకుని క్వారీలో ఒకరికి, ఆఫీసులో ఇంకొకరికి అమ్మేశారు. అడ్వాన్సు ఇద్దరి దగ్గరా పుచ్చుకున్నారు. ఆ సాయంత్రం నేను తిన్న తిట్లు ఇక్కడ రాసేవి కావు.

అప్పుడు ఎట్‌సీడీకి మారాం. ఒకే లెక్కని చాలా మిషన్లలో ఒకేలా ఉంచే డేటాబేసు ఇది. మూడుచోట్లా మూడు మిషన్లు. రెండు ఒప్పుకుంటేనే ఏ రాతైనా ఖాయం. 2014లో ఒంగారో, ఔస్టర్‌హౌట్ అనేవాళ్ళు స్టాన్‌ఫర్డ్ నుంచి ప్రకటించిన రాఫ్ట్ పద్ధతి మీద నడుస్తుంది. (ఒంగారో పేరు విని మా కుర్రాడు ఒంగోలాయనే అనుకున్నాడు.) "రెండు చాలవా, మూడోది దండగ కదా" అన్నారు ఓనరు. రెండే ఉంటే ఒకటి పడగానే మెజారిటీ పోయి రెండోదీ ఆగుతుంది. దానికంటే ఒక్కటే పెట్టుకోవడం నయం.

నాకు బాగా నచ్చింది ట్రాన్సాక్షను. "బ్లాకు ఇంకా ఖాళీగా ఉంటేనే ఈయన పేరున రాయి" అని ఒకే దెబ్బలో అడగొచ్చు. ఇద్దరు ఒకేసారి నొక్కినా దక్కేది ఒకరికే. బేరం నడుస్తున్న బ్లాకుకి అరగంట లీజు, అంటే గడువు, పెడతాం. పార్టీ తేల్చకపోతే దానంతటదే ఖాళీ అయిపోతుంది.

తిప్పలూ పడ్డాం. మొదట మూడింట్లోనూ పాత హార్డ్‌డిస్కులే. ప్రతి రాతా డిస్కులో పడ్డాకే లెక్కలోకి వస్తుంది. డిస్కు నత్తనడక నడిస్తే, లీడరు (మూడింట్లో రాతల్ని నడిపించే మిషన్) మిగతావాటికి 100 మిల్లీసెకన్లకోసారి పంపాల్సిన పలకరింపు ఆలస్యమౌతుంది. సెకను దాటిందా, మిగతావి కొత్త లీడరుకి ఎన్నిక పెట్టేస్తాయి. మాకు రోజూ ఎన్నికలే. ఎస్‌ఎస్‌డీలు వేశాకే సద్దుమణిగింది.

రెండోది నా తెలివితక్కువ. బ్లాకుల ఫొటోలూ అందులోనే తోశా. ఒక్కో రాతకి 1.5 ఎంబీ హద్దుంటే, ఫొటోలు కుదించి మరీ ఎక్కించా. మార్చిన ప్రతిసారీ పాతదీ దాచుకుంటుంది కదా, 2 జీబీ కోటా నిండింది. ఇక కొత్తది రాయనివ్వదు. పాత రాతలు తుడిచి (కంపాక్ట్), ఖాళీ అయిన జాగా వెనక్కి తీసుకుని (డీఫ్రాగ్), కోటా నిండిందన్న అలారం తీసేదాకా అమ్మకాలు బంద్. ఇప్పుడు అందులో బ్లాకు నంబరు, కొలతలు, కొన్నవాళ్ళ పేరు, అంతే.

క్వారీ లైన్ తెగితే అక్కడ అమ్మకం రాయలేం, ఆ గొడవ ఇప్పటికీ ఉంది. "ఏందబ్బాయ్, రాయి నా కళ్ళముందే ఉంటే ఒంగోలు మిషన్ని అడగాలా?" అంటాడు మేస్త్రి. చూసుకోవడానికి మాత్రం సీరియలైజబుల్ రీడ్ ఇచ్చా. దగ్గరి మిషన్‌లో ఉన్నది చూపిస్తుంది, కాస్త పాతదై ఉండొచ్చు. తెర మీద ఎర్రక్షరాలతో "చూడ్డానికే" అని కూడా పెట్టా. మొన్న ఆ తెర చూసే ఒక పార్టీకి మాటిచ్చేశాడు. ఒంగోల్లో ఆ బ్లాకు పదినిమిషాల కిందటే అమ్ముడైపోయింది. అడ్వాన్సు ఇంకా తీసుకోలేదు గనక బతికిపోయాం.