నికాన్ డీ7200 పాపప్ ఫ్లాష్: నాకు పనికొచ్చింది పగటిపూటే

నికాన్ డీ7200 వచ్చింది 2015లో. ఏళ్ల తరబడి నా చేతిలో నలుగుతున్న కెమెరా అదే. దాని నెత్తిన లేచే చిన్న ఫ్లాష్‌ని అందరూ చీకటి పడ్డాకే తీస్తారు. నేను ఎక్కువగా వాడేది మిట్టమధ్యాహ్నం.

పెళ్లిపందిరి అంచున పెళ్లికూతురు నిలబడింది, వెనక ఎండ మండిపోతోంది. మామూలుగా తీస్తే ముఖం నల్లబడుతుంది, కళ్లు గుంటల్లో పడ్డట్టుంటాయి. ఫ్లాష్ బటన్ నొక్కిపట్టి, ముందు డయల్ తిప్పి కాంపెన్సేషన్‌ని, అంటే ఫ్లాష్ బలాన్ని పెంచి తగ్గించే అంకెని, మైనస్ 1.3కి దించుతాను. సున్నా దగ్గరే వదిలేస్తే బాసికం, ముక్కుపుడక తళుక్కుమని ఫ్లాష్ కొట్టిన సంగతి తెలిసిపోతుంది. దించి కొడితే కంటి కింద నీడ పలచబడి, కనుపాపలో చిన్న మెరుపు చుక్క మిగులుతుంది. ఫ్లాష్ వాడానంటే చూసినవాళ్లు నమ్మరు.

బలం తక్కువే. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా చూపే సున్నితత్వం) 100 దగ్గర గైడ్ నంబర్, అంటే ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె, 12. దాన్ని ఎపర్చర్‌తో, అంటే లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ అంకెతో, భాగిస్తే వెలుగు ఎన్ని మీటర్లు అందుతుందో వస్తుంది: ఎఫ్/4కి 3 మీటర్లు, ఎఫ్/8కి 1.5. మామూలు సింక్ స్పీడు, అంటే ఫ్లాష్‌తో కలిసి పనిచేసే షట్టర్ గరిష్ఠ వేగం, 1/250 సెకను కాబట్టి నడి ఎండలో వెలుగు ఎక్కువ కాకుండా లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11 దాకా మూయక తప్పదు. అప్పుడు పూర్తి బలంతో కొట్టినా మీటరు దాటి పెద్దగా అందదు. అందుకే మనిషిని చెట్టునీడకో పందిరి కిందికో జరిపి, నేనూ దగ్గరికి వెళ్తాను. లెన్స్ ముందు తగిలించే తొడుగు, లెన్స్ హుడ్, తీసేయాలి. లేదంటే వైడ్ యాంగిల్‌లో ఫొటో అడుగున అర్ధచంద్రాకారంలో నీడ పడుతుంది.

ఫ్లాష్‌కి టిష్యూ అడ్డం పెట్టమని చాలామంది చెబుతారు. నాకు ఒరిగిందేమీ లేదు. వెలుగొచ్చే వైశాల్యం పెరగనిదే నీడ అంచు మెత్తబడదు, ఉన్న కాస్త బలమూ తగ్గుతుంది.

రాత్రి రిసెప్షన్ హాల్లో దూరం నుంచి కొడితే ముందు కుర్చీలు తెల్లబడతాయి, స్టేజీ మీది జంటకు ఏమీ అందదు. దానికి విడి ఫ్లాష్ కొనాల్సిందే. అప్పుడు కూడా ఈ చిన్నదానికి పనుంది: కమాండర్ మోడ్‌లో పెడితే పక్కన నిలబెట్టిన ఫ్లాష్‌ని తీగ లేకుండా వెలిగిస్తుంది. దీపావళికి పిల్లలు కాకరపువ్వొత్తులు తిప్పుతుంటే రియర్ కర్టెన్ అనే ఫ్లాష్ మోడ్‌లో, షట్టర్ అర సెకను పెట్టి చూడండి. ఫ్లాష్ చివర్లో వెలుగుతుంది కనుక ముఖం స్పష్టంగా వస్తుంది, నిప్పుల గీత చేతి వెనకాలే సాగుతుంది.

ఇప్పటి పెద్ద సెన్సర్ ఉన్న (ఫుల్‌ఫ్రేమ్), లోపల అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరాలలో చాలావాటికి ఈ ఫ్లాష్ లేదు. రేపు కెమెరా మార్చినా నికాన్ జెడ్50 లాగా ఫ్లాష్ ఉన్నదే తీసుకుంటాను.