ఆఫీసుల్లో ఊడబీకిన సీలింగ్ స్పీకర్లతో ఇంటంతా పాట: చాలా ఏళ్లు వాడాక

ఆఫీసులు, హోటళ్లు ఇంటీరియర్ మార్పించినప్పుడు పైకప్పు స్పీకర్లు తుక్కులోకి వెళ్తాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలాంటి చోట్ల ఓపికగా వెతికితే మంచివే దొరుకుతాయి. ఇంట్లో ఏ గదిలో ఉన్నా ఒకే పాట, ఒకే వార్తలు సన్నగా వినిపించాలంటే వీటిని మించిన బేరం లేదు. గుండె అదిరే బేస్ కావాలంటే మాత్రం వీటి జోలికి పోవద్దు. ఆరంగుళాల కాగితం కోన్‌ది ప్రధానంగా గొంతు పలికే పని. ఘంటసాల పద్యం చక్కగా వినిపిస్తుంది, సినిమాలో బాంబు పేలితే టప్పుమంటుంది, అంతే.

అన్నిటికన్నా ముఖ్యం వెనకాల ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఇవి 100 వోల్ట్ లైన్ మీద నడిచే స్పీకర్లు. అంటే ఆంప్లిఫయర్ ఒకే జత తీగల మీద 100 వోల్ట్‌ల దాకా పంపుతుంది, ఒక్కో స్పీకరు వెనకున్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని కోన్‌కు సరిపడేలా తగ్గిస్తుంది. చాలామంది ఎలక్ట్రీషియన్లు దాన్ని పనికిరానిదనుకుని కత్తిరించి, కోన్‌ను నేరుగా ఇంటి ఆంప్లిఫయర్‌కు కలిపేస్తారు. ఓమ్ అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు కొలత. 8 ఓమ్‌ల కోన్లు తొమ్మిదింటిని సమాంతరంగా కలిపితే మొత్తం ఒక ఓమ్‌కన్నా తక్కువ. మామూలు ఆంప్ దాంతో కాలిపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ ఉంచితే లెక్కే మారిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక్కో వాట్ల లెక్కకు ఒక్కో తీగ ఉంటుంది, దాన్నే ట్యాప్ అంటారు. 3 వాట్ల ట్యాప్ పెట్టిన స్పీకర్ లైనుకు 3,333 ఓమ్‌లుగా కనిపిస్తుంది, 6 వాట్లయితే 1,667. ఎన్ని కలిపినా వాట్లు కూడుకుంటే చాలు.

మా పంపిణీ ఇది: హాల్లో మూడు, భోజనాల దగ్గర ఒకటి, ఒక్కోటి 3 వాట్లు. మిక్సీ, చిమ్నీ రొద మధ్య వినబడాలి కాబట్టి వంటింటికి 6. మూడు పడక గదులకూ పూజ గదికీ ఒకటిన్నర చొప్పున. మొత్తం 24 వాట్లు. దీనిమీద పాతిక శాతం కలిపితే 30, అంటే 40 వాట్ల పీఏ ఆంప్ (సభల్లో మైకులకు వాడే రకం) హాయిగా సరిపోతుంది. ఆహుజా లాంటి ఆంప్‌ల వెనక 100 వోల్ట్, కామ్ (కామన్, అంటే ఉమ్మడి తీగ) అని రాసిన స్క్రూలు ఉంటాయి. తీగలు ఆ రెండిటికే. పక్కన ఉండే 4, 8 ఓమ్‌ల స్క్రూలకు ఇంకేదీ తగిలించొద్దు.

కొనేటప్పుడు చూడాల్సినవి. కోన్ అంచు వేలితో తాకండి. స్పాంజి అంచు అయితే పిండిలా రాలుతుంది, వదిలేయండి. గుడ్డ అంచు ఉన్నవే తీసుకోండి. రెండు చేతుల వేళ్లతో కోన్‌ను సమానంగా లోపలికి నొక్కినప్పుడు గరగరమంటే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోందని అర్థం. దానికి మందు లేదు. మల్టీమీటర్‌తో చూసేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక తీగ తప్పక విప్పాలి. లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే కొలతలోకి వచ్చి, మంచి స్పీకరు కూడా షార్ట్ అయినట్టు చూపిస్తుంది. విప్పాక 8 ఓమ్‌ల కోన్ 6 నుంచి 7 ఓమ్‌లు చూపాలి. ట్యాప్‌ల మీద అక్షరాలు చెరిగిపోయి ఉంటే కామ్ నుంచి ఒక్కో తీగనూ కొలవండి. అన్నిటికన్నా ఎక్కువ ఓమ్‌లు చూపించేదే తక్కువ వాట్ల ట్యాప్. తీగ చుట్లు ఎక్కువైతే లోపలికి వెళ్లే కరెంటు తక్కువ కదా. 70 వోల్ట్‌కు గుర్తు పెట్టిన ట్యాప్‌ను 100 లైనుకు కలిపితే రాసిన వాట్లకు రెట్టింపు లాగుతుంది. దిగుమతి సరుకులో ఇది చూసుకోవాలి.

ఒకే గదిలో రెండు మూడు ఉంటే పోలారిటీ, అంటే ప్లస్ మైనస్ తీగల వరస, కలవాలి. పెన్సిల్ సెల్‌ను కోన్ తీగలకు క్షణం తాకించండి. కోన్ బయటికొస్తే సెల్ ప్లస్ తగిలిన తీగ ప్లస్. తారుమారైతే రెండు స్పీకర్ల మధ్య నిలబడినప్పుడు గొంతు పలచబడి, ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది.

తీగ 1 చదరపు మిల్లీమీటరు రెండు కోర్లది చాలు. 30 మీటర్ల దూరానికి రానుపోను దాదాపు ఒక ఓమ్ వస్తుంది. 400 ఓమ్‌ల లైనుకు అది లెక్కలోకి రాదు, 8 ఓమ్‌ల స్పీకరుకైతే శక్తిలో తొమ్మిదో వంతు తీగలోనే పోతుంది. 100 వోల్ట్ లైన్ షాక్ కొడుతుంది, ఆంప్ ఆపకుండా ముట్టుకోవద్దు. కరెంటు తీగలతో ఒకే పైపులో వేయకండి. ఫాల్స్ సీలింగ్ పైన ఎలుకలు తిరుగుతాయి కాబట్టి తీగలకు కండ్యూట్ పైపు తప్పనిసరి. బల్లులు వెనకనుంచి దూరకుండా స్పీకరు మీద పలచని గుడ్డ కప్పండి.

కన్నం కోసే ముందు పెన్సిల్‌తో వృత్తం గీసి, చేత్తో తట్టి పైన సీలింగ్‌ను మోసే జీఐ సెక్షన్ (ఇనుప పట్టీ) లేదని రూఢి చేసుకోండి. 12 మిల్లీమీటర్ల జిప్సంలో స్ప్రింగ్ క్లిప్పులు బాగా పట్టుకుంటాయి. పీవోపీ అంచులు మాత్రం కొన్నాళ్లకు నలిగి స్పీకరు జారుతుంది, పైన 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రింగు వేయండి. ప్రతిదాన్నీ సన్నటి గాల్వనైజ్డ్ తీగతో స్లాబ్ కొక్కేనికి కట్టాలి. మంచం పైన కిలో బరువు వేలాడుతోందని మరవద్దు. తొమ్మిది అడుగుల సీలింగుకు స్పీకర్ల మధ్య దాదాపు పదడుగులు పెడితే శబ్దం అంతటా ఒకేలా ఉంటుంది.

బేస్ విషయం మళ్లీ చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ చిన్నది. 80 హెర్ట్జ్‌కు దిగువన ఉండే శబ్దం గట్టిగా వస్తే ఆ కోర్ ఇక మోయలేక (శాచురేట్ అయి) లైనుకు కనిపించే ఓమ్‌లు పడిపోతాయి, ఆంప్ గొంతు చీల్చుకుంటుంది. బేస్ నాబ్ తగ్గించి ఉంచండి.

ఫోన్ నుంచి పాట బ్లూటూత్ రిసీవర్ ద్వారా వస్తుంది. దాని ఎడమ, కుడి చానెళ్లను నేరుగా ముడేయకుండా ఒక్కోదానికి 1 కిలో ఓమ్ రెసిస్టరు పెట్టి కలపాలి. చార్జర్ వల్ల గుయ్‌మనే శబ్దం వస్తే అడాప్టర్ మార్చండి, తగ్గకపోతే ఆడియో తీగ మధ్యలో ఆ రొదను ఆపే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి. ఆంప్‌ను మూసిన టీవీ యూనిట్‌లో దాచొద్దు, వేడెక్కుతుంది.

పడక గదికి వేరే వాల్యూమ్ కావాలంటే 100 వోల్ట్ లైన్ అటెన్యుయేటరే (శబ్దం తగ్గించే నాబ్) కొనాలి. ఫ్యాన్ రెగ్యులేటర్ పెడితే పని చేయదు. కొనేటప్పుడు అవసరానికి రెండు ఎక్కువ తీసుకుని అట్టపెట్టెలో దాచుకోండి. అదే మోడల్ మళ్లీ దొరకదు, కొత్తదాని కన్నం కొలత వేరుగా ఉంటే సీలింగ్ మళ్లీ కోయాలి.