అమీర్‌పేటలో అమ్ముతున్న చానెల్ ఇండికేటర్‌ను కొనబోయేవారికి హెచ్చరిక

మైత్రీవనం పరిసరాల్లో వారాంతపు తరగతులతో పాటు సొంత చానెల్ ఇండికేటర్‌ను (ధరల చార్టు మీద రెండు రేఖలు గీసి, ఎప్పుడు కొనాలో ఎప్పుడు అమ్మాలో బాణాలతో చూపే సాధనం) కూడా అంటగడుతున్న షేర్ మార్కెట్ శిక్షణ కేంద్రం ఏదో అక్కడ చేరినవారికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. ఫీజు 28,000 రూపాయలు; దాన్ని నమ్మి మూడు వారాల్లో నిఫ్టీ ఆప్షన్లలో (నిఫ్టీ సూచీ పెరుగుతుందనో తగ్గుతుందనో అంచనా వేసి కొనే ఒప్పందాలు) పోగొట్టుకున్నది మరో 61,000.

డెమో రోజున తెర మీద చూపించిన ఐదు నిమిషాల చార్టులో ధర రెండు రేఖల మధ్యనే నడిచింది. కింది రేఖను తాకిన చోటల్లా కొనమనే ఆకుపచ్చ బాణం, పై రేఖను తాకిన చోటల్లా అమ్మమనే ఎర్ర బాణం ఉన్నాయి. అవన్నీ గడిచిపోయిన రోజుల చార్టులే. మార్కెట్ నడుస్తుండగా ఒక్కటి కూడా చూపలేదని నేను గమనించలేదు.

గురువారం ఉదయం 11:10కి ఆకుపచ్చ బాణం రాగానే కాల్ ఆప్షన్ (సూచీ పెరిగితే లాభం వచ్చేది) కొన్నాను. కొన్న ప్రతిసారీ తెరను ఫోటో తీసి పెట్టుకోవాలని ఆ మాస్టారే చెప్పారు కాబట్టి ఫోటో తీశాను. ధర పడుతూనే పోయింది. పన్నెండున్నర దాటాక చూస్తే 11:10 దగ్గర బాణమే లేదు. అది మరింత కిందనున్న కొత్త క్యాండిల్ (చార్టులో ఒక్కో ఐదు నిమిషాల ధరను చూపే కడ్డీ) అడుగున ఉంది. శనివారం తరగతిలో ఈ విషయం అడిగాను. ఆయన అదే గురువారం చార్టు తెరిచి, జరిగిపోయిన ఆ బాణాన్నే ముప్పై మందికీ చూపించి, "బాణం సరిగ్గా అడుగునే ఉంది కదా మేడమ్, ముందే తొందరపడి కొన్నది మీరు. ఓపిక లేనివాళ్లకు ఈ పని కుదరదు" అన్నారు. ఫోన్‌లోని ఫోటో చూపించబోతే, తరగతి సమయం వృథా చేయవద్దని కూర్చోబెట్టారు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు నుంచి తొలగించారు. డబ్బు పోయినందుకంటే, తప్పు వారి పరికరానిదని తెలిసీ దాన్నే నా మీద సాక్ష్యంగా నిలబెట్టినందుకు నాకు ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

జరిగింది ఇది. ఆ చానెల్ నిజానికి రిగ్రెషన్ చానెల్. ఎంచుకున్న క్యాండిళ్లన్నిటికీ దగ్గరగా పోయే ఒక సరళరేఖను లెక్కగట్టి, దానికి పైనా కిందా సమదూరంలో రెండు రేఖలు గీస్తుంది. కొత్త క్యాండిల్ చేరినప్పుడల్లా లెక్క మొదటి నుంచి మారి రేఖ వాలు మారుతుంది, దాంతో పాటే పాత బాణాలూ కదులుతాయి. అందుకే వెనక్కి చూస్తే ధర ఎప్పుడూ చానెల్‌కు లోబడినట్టే కనిపిస్తుంది. దీన్నే రీపెయింట్ అంటారు. కళాశాలలో పదకొండేళ్లుగా గణాంకశాస్త్రం చెబుతున్నాను, కొత్త బిందువు చేరితే రిగ్రెషన్ రేఖ మారుతుందని ఏటా నల్లబల్ల మీద గీసి చూపిస్తున్నాను. ఆ మాట నాకే గుర్తుకు రాకపోవడాన్ని నేను క్షమించుకోలేకపోతున్నాను.

మరో రకం చానెల్ అయిన బోలింజర్ బ్యాండ్లు అలా మారవు. సాధారణంగా 20 క్యాండిళ్ల సగటుకు అటూ ఇటూ రెండు ప్రామాణిక విచలనాల (ధరలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) దూరంలో గీసే ఆ రేఖలు, క్యాండిల్ ముగిశాక అక్కడే నిలిచిపోతాయి. గత 20 క్యాండిళ్ల గరిష్ఠ, కనిష్ఠ ధరలతో గీసే డాంచియన్ చానెల్ కూడా అంతే. అయితే పై బ్యాండును తాకినంత మాత్రాన ధర వెనక్కి తిరగాలని లేదు. బలమైన పరుగులో దాన్నే అంటిపెట్టుకుని చాలాసేపు పోగలదు. ఈ మాట కూడా ఆ తరగతిలో ఎవరూ చెప్పలేదు. 2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్లలో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన సంగతి అంతకన్నా చెప్పలేదు.

ఏ ఇండికేటర్ కొనబోయినా, ట్రేడింగ్‌వ్యూ అనే చార్టుల వెబ్‌సైటులో పాత చార్టును మళ్లీ నడిపించే బార్ రీప్లేలో ఒక్కొక్క క్యాండిల్‌నే ముందుకు జరిపి చూపించమని అడగండి. పాత బాణం కదిలితే లేచి వచ్చేయండి. కొనమని, అమ్మమని సలహా ఇచ్చేవారి సెబీ నమోదు సంఖ్యను సెబీ వెబ్‌సైటులో సరిచూడండి. రసీదు, ఫోటోలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రేపు ఉదయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్నాను. అదే బ్యాచ్‌లో నష్టపోయినవారు మీ ఫోటోలను చెరిపివేయకండి.