పెళ్లయిన అమ్మాయి స్థాయి: పుట్టింటి లెక్కా, భర్త లెక్కా?

పెళ్లయిన ఆడవాళ్లను కొత్తవాళ్లు ముందుగా అడిగేది "మీ ఆయన ఏం చేస్తారు?" అనే. ఆ జవాబుతోనే ఆమె ఏ తరగతి మనిషో తేల్చేస్తారు. కేంద్ర ప్రభుత్వం కూడా దీన్ని తేల్చాల్సి వచ్చింది. రెండు రిజర్వేషన్లలో రెండు రకాలుగా తేల్చింది.

ఓబీసీల్లో బాగా ఉన్నవాళ్లను రిజర్వేషన్ నుంచి తప్పించే క్రీమీలేయర్‌కు 1993 నాటి ఉత్తర్వు ఆధారం. అందులో చూసేది తల్లిదండ్రుల హోదా, ఆదాయం. భర్త పెద్ద ఆఫీసరైనా ఆమె అర్హత పోదు.

మిగతా రిజర్వేషన్లు వర్తించని కులాల్లోని పేదల కోసం 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్‌లో అలా కాదు. తల్లిదండ్రులతో పాటు భార్య లేదా భర్త ఆదాయమూ కలుపుతారు. మొత్తం ఏడాదికి 8 లక్షల లోపే ఉండాలి. ఆస్తి షరతులు వేరే. కాగితం మీద ఇది ఆడామగా ఇద్దరికీ ఒకటే. కానీ సంబంధం చూసేటప్పుడు అబ్బాయి జీతం ఎక్కువ ఉండాలనే కదా వెతుకుతాం! అందుకే దెబ్బ ఎక్కువగా ఆమెకే తగులుతుంది. భర్త బాగా సంపాదిస్తున్నా, కోచింగ్ ఫీజుకు కూడా ఆయన్నే అడగాల్సిన మనిషిని ఉన్నవాళ్లలో కలపడం అన్యాయం.

మొదటి పద్ధతిలోనూ లోపముంది. ఉన్నవాళ్లింట పుట్టినా, భర్త వదిలేసి, పుట్టింటి ఆసరా కూడా లేని ఆమెను అది తండ్రి హోదాతోనే కొలుస్తుంది. అయినా నేను దానివైపే. ఆమె ఎలాంటి ఇంట్లో పెరిగింది, ఎంతవరకు చదవగలిగింది అన్నది పెళ్లితో మారిపోదు.

కేంద్ర ఓబీసీ సర్టిఫికెట్‌కు వెళ్లినప్పుడు ఎవరైనా భర్త జీతం కాగితం అడిగితే, తల్లిదండ్రుల వివరాలే చూడాలని గట్టిగా చెప్పండి.